మిషను దిగి గట్టెక్కాను

ఊళ్ళో ఎవరెంత ఒళ్ళు చేశారో డాక్టరు కంటే ముందు నాకు తెలుస్తుంది. ముప్పై ఏళ్ళకి దగ్గర పడింది జాకెట్లు కుట్టడం మొదలెట్టి. దసరాకి కొలతలిచ్చి కుట్టించుకున్న జాకెట్టే కార్తీకం వెళ్ళేసరికి మళ్ళీ నా దగ్గరికి వస్తుంది, "కొంచెం లూజు చెయ్యి వదినా, ఉతికితే బిగిసిపోయింది" అంటూ. ఉతికితే గుడ్డ బిగిసే మాట నిజమే గానీ, లైనింగు ముందే నీళ్ళలో నానబెట్టి ఆరేసి కుట్టిన జాకెట్టు ముప్పావు అంగుళం బిగుసుకుంటుందా ఎక్కడైనా? నేనేం మాట్లాడను. పక్కల మూడు కుట్లు వేసి లోపల గుడ్డ వదిలేది ఇందుకే కదా. ఒక కుట్టు విప్పి, ఇరవై రూపాయలు తీసుకుని, చేతికిస్తాను.

పోయిన ఏడాది ఆ కుట్టు నాకు నేనే విప్పుకోవలసి వచ్చింది. ఒకటి కాదు, రెండు.

వినాయక చవితి వెళ్ళిన దగ్గర్నుంచి దీపావళి దాకా మాకు ఊపిరి సలపదు. దసరా, అట్లతద్ది, మధ్యలో ఎవరివో ఓణీల ఫంక్షన్లు, ఆ వెనకే కార్తీకంలో పెళ్ళిళ్ళు. పొద్దున ఏడింటికి మిషను ఎక్కితే భోజనానికి దిగడం, మళ్ళీ ఎక్కితే రాత్రి పదకొండు. పక్కనే మంచినీళ్ళ సీసా, ఇటుపక్క ఫ్లాస్కులో టీ, కత్తెరా టేపూ చేతికందేలా, ఇస్త్రీ బల్ల కూడా కుర్చీ తిప్పితే చాలు. ఇంత చక్కగా అమర్చుకున్నానని నాకు నేనే మురిసిపోయేదాన్ని. ఒకరోజు బాబిను కింద పడి మంచం కిందకి దొర్లింది, దాని కోసం వంగి లేవబోతే నడుము పట్టేసి అలాగే చేతులు నేలకి ఆనించి ఉండిపోయాను. కాలు తిమ్మిరెక్కి మొద్దులా ఉంది. మా అత్తయ్యగారు గుమ్మంలోంచి చూసి, "ఏవమ్మా, దేవుడికి దణ్ణం పెట్టుకుంటున్నావా" అన్నారు. ఎనభై ఏళ్ళ మనిషి, గొంతుక్కూర్చుని కొబ్బరాకు చీరి ఈనెలు తీస్తున్నారు ఆ టైముకి.

ఆ తర్వాత బడిలో ఆరోగ్య శిబిరం పెడితే రక్తం ఇచ్చాను. మూడు నెలల షుగరు సరాసరి చెప్పే పరీక్షలో 6.2 శాతం వచ్చింది. 5.7 దాటితే షుగరు గుమ్మంలో నిలబడ్డట్టు, 6.5కి వస్తే ఇంట్లోకి వచ్చేసినట్టు అని ఆ డాక్టరమ్మ వేళ్ళతో లెక్క చెప్పింది. మందులొద్దు, ఒళ్ళు తగ్గించు, వారానికి 150 నిమిషాలు నడువు, అంది. అంటే రోజుకి అరగంట, వారంలో ఐదు రోజులు. "దసరా నెత్తి మీదుంది కదమ్మా, ఎప్పుడు నడవను?" అన్నాను. "దసరా అయిపోయాక కార్తీకం అంటావు, అదయ్యాక సంక్రాంతి అంటావు" అంది, నా దగ్గర ఎప్పుడో జాకెట్టు కుట్టించుకున్న మనిషిలాగా.

అసలు ఈ కాలం గురించి ఒక మాట చెప్పాలి. శరత్కాలం అనగానే తెల్ల మబ్బులు, వెన్నెల, చల్లగాలి అంటారు, పుస్తకాల్లో బాగానే ఉంటుంది. మా కోనసీమలో ఆశ్వయుజం అంటే ఉక్క. నైరుతి వెళ్ళీ వెళ్ళకుండా, ఈశాన్యం వచ్చీ రాకుండా, పగలంతా ఒళ్ళు జిడ్డు కారిపోయి సాయంత్రానికి ఉరుము. వరద తీసిన గోదారి లంకల్లో ఒండ్రు వదిలి వెళుతుంది, గుంటల్లో నీళ్ళు నిలవుంటాయి, దోమలు పగలబడి నవ్వుతాయి. మా అత్తయ్యగారి నాన్నగారు నాడి చూసి మందిచ్చేవారట, ఆయన ఎప్పుడూ ఒక శ్లోకం ముక్క చెప్పేవారని ఈవిడ ఇప్పటికీ చెబుతారు: "వైద్యానాం శారదీ మాతా". వైద్యులకి శరత్కాలం తల్లిలాంటిది, కడుపు నింపుతుంది అని. అంటే అంతమంది మంచాన పడతారన్నమాట. దీవించేటప్పుడు కూడా పాతవాళ్ళు నూరు శరత్తులు బతకమన్నారు. ఈ రెండు నెలలూ గట్టెక్కితే ఏడాది గట్టెక్కినట్టే అని కాబోలు.

తుఫాన్లు కూడా ఈ కాలానివే. 1996 నవంబరు 6 రాత్రి మా ప్రాంతంలో ఎవరూ మర్చిపోరు. నాకు పెళ్ళయి ఏడాది. తెల్లారి చూస్తే మా వెనక తోటలో కొబ్బరిచెట్లు అగ్గిపుల్లలు పారబోసినట్టు పడున్నాయి. మొక్క పెడితే కాపుకి రావడానికి ఐదారేళ్ళు. ఆ మధ్య ఇల్లు గడవాలి కదా, అప్పుడు కొన్నదే నా కాలి మిషను. అంటే నన్ను కుర్చీలో కూర్చోబెట్టింది కూడా శరత్కాలమే, ఇప్పుడు లేవమంటున్నదీ అదే.

సరే, నడక. మొదటి ప్రయత్నం ఘోరంగా తప్పింది, అది దాచడం ఎందుకు. అమలాపురం వెళ్ళి తెల్ల బూట్లు కొన్నాను, పద్దెనిమిది వందలు. ఫోన్లో అడుగులు లెక్కపెట్టేది పెట్టించుకున్నాను. మొదటిరోజే పదివేల అడుగులు వేసేస్తానని కాలవ గట్టు మీద పరుగులాంటి నడక మొదలెట్టాను. ముందురోజు వాన కురిసింది. మా ఒండ్రు మట్టి తడిస్తే సబ్బు కంటే అన్యాయం, బూటు అడుగున అట్టలా పట్టేస్తుంది, ఇక పట్టు ఉండదు. పంచాయతీ పంపు దాటానో లేదో కాలు జర్రున జారి చీలమండ బెణికింది. పదిహేను రోజులు కట్టు. అంతకంటే అన్యాయం ఏంటంటే దసరా ఆర్డర్లు చేతిలో ఉండగా కుడికాలే బెణికింది. ఊరంతా వచ్చి పలకరించారు, పలకరింపు తక్కువ, "నా జాకెట్టు ఎప్పటికిస్తావు" ఎక్కువ.

ఆ పదిహేను రోజులు మంచం మీద కూర్చుని హెమ్మింగు చేసుకుంటూ ఒక సంగతి ఆలోచించాను. నేను వ్యాయామం చేసే మనిషిని కాను. చేస్తానని ఎవరికి మాటిచ్చినా మూడోరోజు తప్పుతాను. కానీ పని ఉంటే లేవకుండా ఉండలేను. కాబట్టి లేచే పనులు పెంచుకోవాలి, అంతే.

ముందు మంచినీళ్ళ సీసా తీసేశాను. బిందె వంటింట్లో, గ్లాసు దాని మీద. దాహం వేస్తే లేచి వెళ్ళాల్సిందే. ఇస్త్రీ బల్ల వరండాలోకి జరిపించాను, కుట్టిన ప్రతి ముక్కా పట్టుకుని పదిహేను అడుగులు వెళ్ళి నిలబడి ఇస్త్రీ చేసి రావాలి. మా ఆయన, "బుద్ధున్న వాళ్ళెవరైనా దగ్గరున్నది దూరం పెట్టుకుంటారా" అన్నారు. ఫ్లాస్కు అటకెక్కింది, టీ కావాలంటే పెట్టుకోవాలి, పెట్టుకోవాలంటే బద్ధకం, అలా రోజుకి ఐదు టీలు రెండుకి దిగాయి. ఐదు టీలంటే పది చెంచాల పంచదార అని అప్పటిదాకా ఎప్పుడూ కలిపి చూసుకోలేదు.

ఇంకొకటి చేశాను, ఇది మాత్రం నాకు నేనే గొప్పగా చెప్పుకుంటాను. ఏడెనిమిదేళ్ళ కింద మిషనుకి మోటారు బిగించుకున్నాం. పాదంతో చిన్నగా నొక్కితే చాలు, సూది పరిగెడుతుంది. అది తీయించేసి మళ్ళీ తోలు బెల్టు వేయించి కాలితో తొక్కుతున్నాను. పెద్ద ఆర్డర్లు ఉన్న రోజుల్లో మోటారు మిషను ఇంకొకటి ఉంది, దాని మీద కుడతాను, అబద్ధం ఆడను. కానీ రోజులో రెండు మూడు గంటలైనా తొక్కుడు మిషనే. మొదటి వారం పిక్కలు ఇంత లావు పోట్లు. మడమా వేళ్ళూ మార్చి మార్చి నొక్కుతుంటే పిక్క దగ్గర పట్టేసి వదులుతూ ఉంటుంది, ఆ లయ అలవాటయ్యాక కాళ్ళ తిమ్మిరి మాయమైంది. సాయంత్రానికి పాదాలు వాచి చెప్పు పట్టనట్టు ఉండేవి, అదీ తగ్గింది. మా అత్తయ్యగారికి ఆ టకటక చప్పుడు వింటే నిద్ర పడుతుందట.

కాలు బాగయ్యాక మళ్ళీ గట్టెక్కాను, ఈసారి పాత రబ్బరు చెప్పులతో, వానపడిన మర్నాడు అయితే గట్టు జోలికి పోకుండా తారు రోడ్డు మీద. తెల్లారి ఐదున్నరకి వెళితే ఆరింటికి ఇంట్లో ఉంటాను. ఈ గట్లన్నీ కాటన్ దొర కాలంలో పడ్డవి, ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయింది, దాని కాలవలే ఇప్పటికీ మా చేలకి నీళ్ళిస్తాయి. నీళ్ళ కోసం వేసిన గట్టు మాలాంటి వాళ్ళకి ఇప్పుడు నడిచే బాట. అక్టోబరులో ఆ టైములో గట్టు మీద నిలబడితే వానాకాలపు వరి, మా సార్వా చేలు, ఈనిక మీదుంటాయి. వెన్నులు బయటికి వచ్చి, గింజ ఇంకా పాలు పోసుకోవాలి. గింజని గోటితో నొక్కితే తెల్లగా పాలచుక్క వస్తుంది, చిన్నప్పుడు నాన్న నొక్కి చూపించేవారు, నేను ఇప్పటికీ వెళ్ళిన ప్రతిసారీ ఒకటి నొక్కుతాను, రైతు చూస్తే తిడతాడు. ఆ వాసన ఎలా చెప్పాలో తెలీదు, పచ్చి పాలూ గడ్డీ కలిసినట్టు ఉంటుంది. కాలవలో గుర్రపుడెక్క మీద కొంగ ఒంటికాలి మీద నిలబడి ఉంటుంది, నాకంటే ఓపిగ్గా. చెవుల్లో ఏదీ పెట్టుకోను. పాములు తిరిగే కాలం, చప్పుడు వినబడాలి, చేతిలో టార్చి ఉండాలి. కార్తీకంలో మంచు దిగడం మొదలైతే తలకి తుండు చుట్టుకుంటాను, చూడ్డానికి కోతకి వెళ్ళే మనిషిలా ఉంటానని మా ఆయన నవ్వుతారు, నవ్వనీ.

రాత్రి అన్నం తిన్నాక ఇంకో పది నిమిషాలు. తిన్న వెంటనే నడిస్తే రక్తంలో షుగరు ఒక్కసారిగా ఎగబాకదని ఆ డాక్టరమ్మే చెప్పింది. దీనికి నేను కనిపెట్టిన కిటుకు మా పెద్దమ్మాయి. హైదరాబాదులో ఉంటుంది, రోజూ తొమ్మిదింటికి ఫోన్ చేస్తుంది. అది ఫోన్ చేస్తే కూర్చోకూడదు, మాట్లాడుతున్నంతసేపూ వాకిట్లో తులసికోట చుట్టూ తిరగాలి. అత్తగారి మీద చాడీలు చెప్పే రోజు అరగంట అవుతుంది.

అన్నం సంగతికి వస్తే, ఇది మా డెల్టాలో పెద్ద గొడవ. అన్నం మానెయ్యమని యూట్యూబులో చెబుతారు. చుట్టూ కనుచూపు మేర వరి, మానెయ్యమంటే ఎలా? ఇక్కడ ఒక వింత చెప్పాలి. మా పక్కనే, వశిష్ఠ గోదావరి అవతల, మార్టేరు వరి పరిశోధన కేంద్రం ఉంది. అక్కడ పుట్టిన స్వర్ణ రకం, రైతులు డెబ్భై ఇరవైతొమ్మిది అంటారు, 1982లో విడుదలైంది. ఫిలిప్పీన్స్‌లో ఉన్న అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థవాళ్ళు 235 రకాల బియ్యం పరీక్షించి, ఏ బియ్యం తింటే రక్తంలో షుగరు ఎంత తొందరగా పెరుగుతుందో 2012లో చెప్పారు. గ్లైసిమిక్ ఇండెక్స్ అంటారు దాన్ని, 55 లోపు ఉంటే తక్కువ అని లెక్క. ఆ రకాల్లో 48 నుంచి 92 దాకా ఉన్నాయి, మన స్వర్ణ తక్కువ ఉన్న వాటిల్లో ఒకటి! మేమేమో స్వర్ణ పండించి మిల్లుకి తోలేసి, లావు బియ్యం అని మొహం తిప్పుకుని, కొట్లో సన్న బియ్యం కొనుక్కుని వండుకుంటున్నాం. ఇప్పుడు మా ఇంట్లో రెండు పూటలా స్వర్ణే. మరీ తెల్లగా పాలిష్ పట్టించకుండా ఆడిస్తున్నాం. మా ఆయన మొదటి నాలుగు రోజులు పళ్ళెం వైపు చూసి నిట్టూర్చారు. అయితే తక్కువ అన్నారు కదా అని గుట్ట పెట్టుకుంటే లాభం లేదు. నేను పళ్ళెం మార్చాను, అమ్మ ఇచ్చిన చిన్న స్టీలు పళ్ళెం, దాంట్లో సగం కూర పెట్టాకే అన్నం. కంద బచ్చలి, పొట్లకాయ, తోటకూర, దొండకాయ, ఏదైతే అది. పళ్ళెం చిన్నదైతే మారు వడ్డించుకోవడానికి సిగ్గేస్తుంది, ఆ సిగ్గే పనిచేస్తుంది.

దసరా నుంచి దీపావళి లోపు తూర్పుగాలి తిరిగితే చీరమేను అనే సన్న చేప వస్తుంది. యానాం వైపు నుంచి బకెట్లలో తెస్తారు, గ్లాసులతో కొలిచి అమ్ముతారు, గ్లాసు ధర అడిగితే గుండె ఆగుతుంది. సూదిలో దారం అంత ఉంటుంది ఒక్కో చేప. ముల్లుతో సహా తినేది కాబట్టి కాల్షియం ఊరికే వస్తుందని నా సమర్థింపు. నలభై దాటిన ఆడవాళ్ళకి అది ఎంత అవసరమో తెలుసుగా. ఇసక లేకుండా పసుపూ ఉప్పూ వేసి ఐదారు నీళ్ళు కడిగి, చింతచిగురు దాచుకుని ఉంటే అది, లేకపోతే కాస్త చింతపండు, పచ్చిమిర్చి వేసి దగ్గరికి ఇగరబెడితే చాలు. గారెలు వేస్తారు కొందరు, అద్భుతంగా ఉంటాయి, కానీ నూనె. ఏడాదికొకసారి కదా అని ఒక వాయి వేసుకున్నాను. ఒక వాయి అనే మాట గట్టిగా నొక్కి చెబుతున్నాను.

దోమల మాట మర్చిపోతే ఈ కాలం గురించి రాసినట్టే కాదు. రెండేళ్ళ కింద మా ఆయనకి డెంగీ వచ్చింది. కొబ్బరి మా ఊపిరి, చిప్పలూ డొక్కలూ ఇంటి వెనక గుట్టగా పడేసుకుంటాం, పొయ్యిలోకి పనికొస్తాయని. జ్వరం వచ్చాక ఆశా కార్యకర్త వచ్చి ఆ గుట్టలోంచి ఒక చిప్ప తీసి నా చేతిలో పెట్టింది. వాననీళ్ళు, గుక్కెడు కూడా లేవు. దాంట్లో పది పన్నెండు పిల్ల పురుగులు, తలకిందులుగా వేలాడుతూ, నీడ పడగానే వంకర్లు తిరుగుతూ కిందకి మునిగాయి. నేను ముప్పై ఏళ్ళుగా సన్న దారం చూసే మనిషిని, ఇంట్లో అవి కనబడలేదు. డెంగీ దోమ మురుగులో కాదు, ఇలాంటి మంచి నీళ్ళలోనే పెడుతుంది, గుడ్డు నుంచి దోమ అవడానికి వారం పది రోజులు చాలు, కుట్టేది కూడా పగలే. అందుకని ఇప్పుడు శుక్రవారం తలంటు ముందు నా పని అది. చిప్పలు బోర్లించడం, పూలకుండీల కింద పళ్ళేలు, ఫ్రిజ్జు వెనక ట్రే, కోళ్ళకి నీళ్ళు పెట్టే మూకుడు, అన్నీ పారబోసి పీచుతో తోమడం. ఊరికే పారబోస్తే సరిపోదు, గుడ్లు గోడకి అంటుకుని నెలల తరబడి ఎండిపోయి ఉండి నీళ్ళు తగలగానే లేస్తాయి. వంగి లేచి, వంగి లేచి అరగంట. ఇది నా 150 నిమిషాల్లో వేసుకుంటాను, డాక్టరమ్మ ఒప్పుకున్నా ఒప్పుకోకపోయినా. జ్వరమొస్తే ఈ రెండు నెలలూ పారాసిటమాల్ తప్ప నొప్పి బిళ్ళలు వేసుకోవద్దు, డెంగీ అయితే రక్తస్రావం కావచ్చు. ముందు పరీక్ష.

బోదకాలు ఇంకో కథ, అదీ దోమ వల్ల వచ్చేదే. గోదావరి జిల్లాల్లో ఒకప్పుడు ప్రతి వీధిలో ఒకరుండేవారు. మా అత్తయ్యగారి చెల్లెలి కాలు అలాగే అయింది, అందుకే బోదకాలు రాకుండా ఏడాదికోసారి డీఈసీ బిళ్ళలు పంచినప్పుడు ఈవిడ గుమ్మంలో ముందుండేవారు. మనలో చాలామంది ఆ బిళ్ళలు తీసుకుని గూట్లో పడేసేవాళ్ళం.

ఇక కార్తీకం. ఇక్కడ నాకూ మా అత్తయ్యగారికీ యుద్ధం. ఆవిడకి బీపీ ఉంది. తెల్లారి నాలుగింటికి కాలవలో మునగాలంటారు, సోమవారం నక్షత్రం చూసేదాకా పచ్చి మంచినీళ్ళు ముట్టనంటారు, బీపీ బిళ్ళ కూడా వేసుకోరు. పోయిన ఏడాది రెండో సోమవారం కోటిపల్లి రేవులో మెట్లెక్కుతూ కళ్ళు తిరిగి కూలబడ్డారు. పక్కనున్నవాళ్ళు పట్టుకోబట్టి సరిపోయింది, నా చేతులు అరగంట వణికాయి. ఆ తర్వాత బేరం కుదిరింది. స్నానం చెయ్యండి, కానీ వెలుతురు వచ్చాక, ముందు కాళ్ళూ చేతులూ తడుపుకుని తర్వాత తల. ఒక్కసారిగా చన్నీళ్ళలో మునిగితే రక్తనాళాలు ముడుచుకుని బీపీ లేస్తుంది. బిళ్ళ మానడానికి లేదు. "నీళ్ళు తాగితే ఉపవాసం చెడుతుంది కదే" అన్నారు. "తీర్థం అనుకుని తాగండత్తయ్యా" అన్నాను. ఒక క్షణం ఆలోచించి, "తులసాకు వేసి తే" అన్నారు. అయిపోయింది. షుగరు మాత్రలు వాడేవాళ్ళ సంగతి ఇంకా ప్రమాదం, మాత్ర వేసుకుని తిండి మానేస్తే షుగరు పడిపోవచ్చు, వాళ్ళు డాక్టర్ని అడక్కుండా ఉపవాసం జోలికి పోవద్దు.

నా ఉపవాసాల కథ వేరు. పగలంతా ఏమీ తినకుండా, రాత్రికి పులిహోర, చలిమిడి, వడపప్పు, నాలుగు రకాల కూరలు, ఆ పైన ఎవరో తెచ్చిన తాపేశ్వరం కాజా. పగలు మిగిల్చిందంతా రాత్రి వడ్డీతో కట్టేసేదాన్ని. నాలుగు సోమవారాలు ఉపవాసం ఉండి బరువు పెరిగిన మనిషిని నేను! ఈసారి సాయంత్రం దీపం పెట్టగానే ముందు ఒక జామకాయ, కాసిని మజ్జిగ, పావుగంట ఆగి ఆ తర్వాతే అన్నం. ఆకలి మొదటి దెబ్బ జామకాయ మీద పడిపోతుంది. వనభోజనాలకి ఉసిరి చెట్టు కింద కూర్చుంటాం గానీ ఆ ఉసిరికాయ ఎవరూ నోట్లో పెట్టుకోరు, దీపం వెలిగించడానికి తప్ప. సి విటమిన్ అంతా ఒత్తితో పాటు కాలిపోతుంది. నేను రోజూ ఒకటి కొరుక్కుని తింటున్నాను, ఉప్పు అద్దుకోకుండా, మొహం ఎలా పెడతానో చూసి మా ఆయన ఫోటో తీశారు. తేగలు వచ్చేస్తున్నాయి, కాల్చినవి ఒకటి తింటే గంటల తరబడి ఆకలి అనదు, అంత పీచు.

అట్లతద్ది గురించి కూడా చెప్పాలనిపిస్తోంది. చిన్నప్పుడు తెల్లవారుజామున మూడింటికి లేచి చద్దన్నం, గోంగూర పచ్చడి, పెరుగు తిని, తెల్లారేదాకా వీధుల్లో పరుగులు, ఆటలు, చెట్టుకి ఉయ్యాల. పదకొండు అట్లు వాయనం ఇవ్వడం ఆ తర్వాత. ఇప్పుడు అట్లు మిగిలాయి, ఉయ్యాల పోయింది. ఈసారి మా వీధి ఆడవాళ్ళం ఏడుగురం, అందరం నలభై దాటినవాళ్ళమే, కొబ్బరి తాడుతో మామిడికొమ్మకి ఉయ్యాల వేయించాం. నిలబడి ఊగితే కడుపు కండరాలు ఎంత బిగుసుకుంటాయో మర్నాడు నవ్వినప్పుడు తెలిసింది. కొమ్మ విరగలేదు, అదే పెద్ద వార్త.

నిద్ర విషయంలో ఇంకా బాగుపడలేదు. దసరా ముందు పదిరోజులు రాత్రి ఒంటిగంట దాకా కుట్టాను. మాట పడలేక కుడతాం, అది అలవాటు కాదు, బతుకు. కాకపోతే ఈసారి అమావాస్య తర్వాత తీసుకున్న ఆర్డర్లకి "కార్తీక పౌర్ణమి తర్వాతే" అని గోడకి అట్టముక్క మీద రాసి పెట్టాను. ఇద్దరు ముగ్గురు పక్క ఊరి టైలరు దగ్గరికి వెళ్ళిపోయారు. వెళ్ళనీ అనుకున్నాను గానీ, మనసులో కొంచెం కలుక్కుమంది.

మొన్న మళ్ళీ రక్తం ఇచ్చాను, 5.9. గుమ్మంలోంచి కదల్లేదు గానీ చెప్పులు తొడుక్కుంటోంది. నా జాకెట్టుకి విప్పిన రెండు కుట్లలో ఒకటి మళ్ళీ వేసుకున్నాను, రెండోదాని దారం పీకి అలాగే ఉంచాను.

నిన్న సాయంత్రం ఎదురింటి వాళ్ళమ్మాయి దసరాకి కుట్టిన పట్టు జాకెట్టు పట్టుకుని వచ్చింది, పెళ్ళికెళ్ళాలి, చంకల దగ్గర పట్టేస్తోందని. నేను ఉషారుగా బిందె గురించి, తొక్కుడు మిషను గురించి, గట్టు గురించి, చిన్న పళ్ళెం గురించి మొత్తం చెప్పాను. పాపం నిలబడే వింది, మధ్యలో ఊఁ కూడా కొట్టింది. అంతా అయ్యాక, "సరే పిన్నీ, రేపట్నుంచి నేనూ వస్తాను, ముందు కుట్టు విప్పు, బస్సు టైమవుతోంది" అంది.

విప్పాను. ఇరవై రూపాయలు.